ల్యాబ్‌లో కలర్ ప్రింటు: ఏ పనికి నమ్మొచ్చు, ఎక్కడ తేడా కొడుతుంది

యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబ్‌లలో దొరికే కలర్ ప్రింటింగ్ సేవకు మార్కులు వేయమంటే చార్టులకు, స్లైడ్‌లకు, ప్రాజెక్టు రిపోర్టులకు మంచి మార్కులే వేస్తాం. ఫొటోలకు, డిజైన్ పోర్ట్‌ఫోలియోలకు, లోగో రంగు ఇంచు కూడా తప్పకూడని పనులకు సగం మార్కులు దాటవు. ఆ సగం ఎక్కడ పోతోందని అడిగితే అందరూ ప్రింటర్ వైపే వేలు చూపిస్తారు. నిజానికి మధ్యరకం కలర్ లేజర్ ప్రింటర్ కూడా, పట్టించుకునే మనిషి ఉంటే, ఈ రోజు ఇచ్చిన పేజీని వారం తర్వాతా దాదాపు అలాగే ఇస్తుంది. ల్యాబ్‌లో స్క్రీన్‌లు ఒకరు చూసుకుంటారు, సాఫ్ట్‌వేర్ ఇంకొకరు, ప్రింట్ క్యూ మరొకరు. ఈ మూడింటినీ దాటుకుంటూ వెళ్లే రంగును చూసుకునేవాళ్లే ఉండరు. అందుకని ఒక ల్యాబ్‌ను అంచనా వేసేటప్పుడు మేము మొదట చూసేది, అదే ఫైలు మళ్లీ ఇస్తే అదే రంగు వస్తోందా అని. ఎప్పుడూ ఒకేలా తప్పు వచ్చే ప్రింటర్‌కు ఫైల్లోనే విరుగుడు చేసుకోవచ్చు. పూటకో రంగు వచ్చేదానికి మందు లేదు.

మొదటి తేడా స్క్రీన్ దగ్గరే మొదలవుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మానిటర్ వెలుగు 250 నుంచి 300 నిట్స్ (తెర వెలుగును కొలిచే ప్రమాణం) ఉండటం మామూలే. ప్రింటుతో పోల్చి చూసే పనికి 80 నుంచి 120 నిట్స్ మధ్య చాలు. ఫ్యాక్టరీ వెలుగులోనే ఎడిట్ చేసిన ఫొటో కాగితం మీద చీకటిగా రావడంలో వింతేమీ లేదు. "ప్రింటు డల్‌గా వచ్చింది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు మానిటర్ వెలుగు తగ్గించడమే. టీఎన్ ప్యానెల్ అనే చౌక రకం తెర అయితే తల కాస్త పైకో కిందికో జరిపినా రంగు మారుతుంది, దాని ముందు కూర్చుని రంగు దిద్దడం వృథా. పక్కల నుంచి చూసినా రంగు అంతగా మారని ఐపీఎస్ ప్యానెల్ ఉన్న సీటు వెతుక్కోవాలి. తెరను పసుపు ఛాయకు మార్చే నైట్ లైట్ ఆన్‌లో ఉందేమో కూడా చూసుకోవాలి. ముందు కూర్చున్నవాళ్లు ఆన్ చేసి వదిలేస్తే తెల్లటి పేజీ పసుపు తిరుగుతుంది, తర్వాత వచ్చినవాళ్లు ఆ పసుపును ఫొటోలో తగ్గించుకుంటూ పోతారు, ప్రింటేమో నీలంగా వస్తుంది.

క్యాలిబ్రేషన్, ప్రొఫైల్ అనే రెండు పనులను చాలా ల్యాబ్‌లు ఒకటిగా కలిపేస్తాయి. తక్కెడ ముల్లు సున్నాకు తేవడం లాంటిది క్యాలిబ్రేషన్, ఆ తక్కెడ ఎలా తూస్తుందో కొలిచి రాసిపెట్టుకోవడం ప్రొఫైల్. 1993లో ఏర్పడిన ఐసీసీ (ఇంటర్నేషనల్ కలర్ కన్సార్టియం) సంస్థ ఈ ప్రొఫైళ్లకు ఉమ్మడి రూపం ఇచ్చింది, అందుకే ఏ కంపెనీ మానిటర్ ప్రొఫైల్‌నైనా ఏ సాఫ్ట్‌వేర్ అయినా చదవగలుగుతోంది. ఇక్కడ ల్యాబ్‌లు పదే పదే చేసే తప్పు ఒకటుంది. ఒక మానిటర్‌ను కలరీమీటర్ అనే రంగు కొలిచే పరికరంతో శ్రద్ధగా కొలిచి, ఆ ప్రొఫైల్‌ను మాస్టర్ ఇమేజ్‌లో పెట్టి, గదిలోని కంప్యూటర్లన్నిటికీ అదే క్లోన్ చేస్తారు. ప్రొఫైల్ ఆ ఒక్క మానిటర్‌కు చెందినది. పక్క సీటులో ఉన్నది అదే మోడల్ అయినా వాడిన గంటలు వేరు, బ్యాక్‌లైట్ వేరు. కొలిచిన ఆ ఒక్కటి తప్ప మిగతావన్నీ అబద్ధమే చెబుతుంటాయి.

అంతకంటే మొండి సమస్య, రీస్టార్ట్ చేయగానే అన్నీ మొదటికి వచ్చేలా చేసే డీప్ ఫ్రీజ్ లాంటి సాఫ్ట్‌వేర్. విండోస్‌లో ప్రొఫైల్‌ను మామూలుగా పెడితే అది ఆ యూజర్ ఖాతాకే అంటుకుంటుంది. లాగౌట్, రీస్టార్ట్ అయ్యాక మాయం. అడ్మిన్ చేయాల్సింది కలర్ మేనేజ్‌మెంట్ తెరిచి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో చేంజ్ సిస్టమ్ డిఫాల్ట్స్ నొక్కి, ప్రొఫైల్‌ను అక్కడ పెట్టి, అదే కిటికీలో యూజ్ విండోస్ డిస్‌ప్లే క్యాలిబ్రేషన్ గడికి టిక్ పెట్టడం. ఇదంతా ఫ్రీజ్ తీసి చేసి, మళ్లీ ఫ్రీజ్ వేయాలి. వంద సీట్లకు విడివిడిగా ఇలా చేయడం అయ్యే పని కాదు, చేయమని అడగడమూ న్యాయం కాదు. సాధారణ ల్యాబ్‌కు మా సలహా తేలిక: అన్ని మానిటర్లనూ వాటి సొంత మెనూలో ఎస్ఆర్‌జీబీ (పరికరాలన్నిటికీ ఉమ్మడి రంగుల ప్రమాణం) మోడ్‌కు మార్చి, వెలుగు ఒకే స్థాయికి దించి, బటన్లు లాక్ చేసేయడం. కొలిచి ప్రొఫైల్ చేసే శ్రమ డిజైన్ విద్యార్థులు వాడే నాలుగైదు సీట్ల మీద పెట్టి, ఆ సీట్లకు బోర్డు తగిలిస్తే చాలు. ఈ చిన్న ఏర్పాటు ఉన్న ల్యాబ్ కనిపిస్తే మిగతా లోపాల్లో సగం మన్నించేయొచ్చు.

ఇక ప్రింట్ డైలాగ్ పెట్టె. ఎక్కువ ప్రింట్లు పాడయ్యేది ఇక్కడే. రంగును మార్చే పని ఒక్కరే చేయాలి, సాఫ్ట్‌వేర్ అయినా చేయాలి, ప్రింటర్‌ను నడిపే డ్రైవర్ అయినా చేయాలి. ఇద్దరూ చేస్తే రంగు రెండుసార్లు మారుతుంది. ఇంక్‌జెట్ ఫొటో ప్రింటర్ల మీద దీని గుర్తు స్పష్టంగా కనిపిస్తుంది: ముఖాలకు మెజెంటా పూత పూసినట్టు గులాబీ ఛాయ, నీడల్లో వివరం పోవడం. ఫొటోషాప్‌లో ఫొటోషాప్ మేనేజెస్ కలర్స్ ఎంచుకుని, కాగితానికి తగిన ప్రింటర్ ప్రొఫైల్ పెట్టి, ఆ తర్వాత డ్రైవర్ సెట్టింగుల్లోకి వెళ్లి అక్కడి రంగు సవరణను ఆపేయాలి. ఎప్సన్ డ్రైవర్‌లో అది నో కలర్ అడ్జస్ట్‌మెంట్ అనే పేరుతో ఉంటుంది, క్యానన్‌లో మ్యాచింగ్ దగ్గర నన్ అని పెట్టాలి. రెండరింగ్ ఇంటెంట్ (ప్రింటర్‌కు అందని రంగులను ఎలా సర్దాలన్న ఎంపిక) రెలెటివ్ కలరిమెట్రిక్, నీడల్లో వివరం కాపాడే బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ ఆన్: ఫొటోలకు ఇది మంచి మొదలు. బాగా ముదురు రంగులు ఎక్కువున్న ఫొటోలో వివరం కలిసిపోతే పర్సెప్చువల్ ప్రయత్నించాలి.

ల్యాబ్‌లో ఉండే ఆఫీసు లేజర్ ప్రింటర్‌తో కథ వేరు. పీసీఎల్ అనే ప్రింటర్ భాష వాడే డ్రైవర్ ఉన్నచోట రంగు సవరణను పూర్తిగా ఆపే వీలు చాలాసార్లు ఉండదు. అక్కడ మొండికేసి ఫొటోషాప్‌కే పగ్గాలు ఇస్తే రెండు మార్పులు ఖాయం. ఫైలును ఎస్ఆర్‌జీబీకి మార్చి, ప్రింటర్ మేనేజెస్ కలర్స్ ఎంచుకోవడమే మంచిది. అంతకంటే విశాలమైన రంగుల పరిధి ఉన్న అడోబీ ఆర్‌జీబీలోని ఫైలును మార్చకుండా పంపితే, దాన్ని ఎస్ఆర్‌జీబీ అనుకుని ప్రింటర్ వెలిసిపోయిన రంగులు వేస్తుంది. వర్డ్, పవర్‌పాయింట్ వాడేవాళ్లకు ఈ గొడవ తక్కువ, అక్కడ అంతా ఎస్ఆర్‌జీబీ అన్న లెక్కలోనే నడుస్తుంది.

ఫైరీ లాంటి కంట్రోలర్ (ప్రింటు పనులను, వాటి రంగును నడిపే కంప్యూటర్) ఉన్న పెద్ద మెషీన్లలో ఇంకో చిక్కు. పేజీలో ఆర్‌జీబీ (స్క్రీన్ వాడే ఎరుపు, పచ్చ, నీలం లెక్క) వస్తువులకు ఒక దారి, సీఎంవైకే (ప్రింటు వాడే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు లెక్క) వస్తువులకు మరో దారి. ఒకే లోగో పై మూలన ఆర్‌జీబీ చిత్రంగా, కింద సీఎంవైకే వెక్టర్ (గీతల రూపంలోని బొమ్మ)గా ఉంటే రెండూ రెండు రంగుల్లో రావడం ఖాయం. మెషీన్ చెడిపోయిందని కౌంటర్ దగ్గర వాదన మొదలయ్యేది ఇలాంటప్పుడే. ల్యాబ్‌లో వేసుకునే పనికి పేజీ అంతా ఆర్‌జీబీలో ఉంచడమే మేలు. సీఎంవైకే పీడీఎఫ్ బయటి ఆఫ్‌సెట్ ప్రెస్సు అడిగినప్పుడు చేసుకోవచ్చు. అదే కంట్రోలర్‌లో ప్రెజెంటేషన్ అనే ఇంటెంట్ డిఫాల్ట్‌గా ఉంటే చార్టులు మెరిసిపోతాయి, మనుషుల ముఖాలు మాత్రం కందిపోతాయి. ఫొటోలున్న పనికి ఫొటోగ్రాఫిక్ అని మార్చుకోవాలి.

కొన్ని రంగులు ఏం చేసినా రావు. స్క్రీన్ మీది నిండు నీలం, అంటే ఎరుపు, పచ్చ, నీలం పాళ్లలో 0, 0, 255, కాగితం మీద వంకాయ రంగులోకి తిరుగుతుంది. టోనర్‌తో (లేజర్ ప్రింటర్ వాడే రంగు పొడితో) నీలం రావాలంటే సయాన్, మెజెంటా కలవాలి. రెండూ నిండుగా పడితే వచ్చేది ఊదానే. మెజెంటా పాలు తగ్గేలా 0, 80, 180 లాంటి నీలం ఎంచుకుంటే ప్రింటు కూడా నీలంగానే కనిపిస్తుంది. మెరిసే చిలకపచ్చ, నియాన్ గులాబీ, నిండు నారింజ నాలుగు టోనర్ల పరిధిలో లేవు. ఫొటోషాప్‌లో ప్రూఫ్ సెటప్‌లో ప్రింటర్ ప్రొఫైల్ పెట్టుకుంటే ఏ రంగు ఎంత కుంగుతుందో ముందే తెలుస్తుంది. ఆ ప్రొఫైల్ ఫైలును ల్యాబ్ వాళ్లు అందరికీ అందుబాటులో ఉంచాలి, ఉంచేవాళ్లు అరుదు.

సైన్సు, ఇంజనీరింగు విద్యార్థుల గ్రాఫులకు ఒక మాట. జెట్ అనే ఇంద్రధనుస్సు రంగుపట్టీతో గీసిన హీట్‌మ్యాప్‌లు ప్రింటులో మోసం చేస్తాయి. పసుపు, సయాన్ ఉన్నచోట లేని గట్లు కనిపిస్తాయి, బ్లాక్ అండ్ వైట్‌లో తీస్తే పట్టీ రెండు చివరలూ ఒకేలా నల్లబడతాయి. గ్రాఫులు గీసే పైథాన్ లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2017లో వచ్చిన 2.0 నుంచి విరిడిస్ అనే రంగుపట్టీని డిఫాల్ట్ చేసింది. అది గ్రేలోకి మారినా చీకటి నుంచి వెలుగుకు వరుస తప్పదు. గ్రాఫును పీఎన్‌జీగా కాక పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే గీతలు, అంకెలు ఏ సైజులోనైనా పదునుగా ఉంటాయి. పీఎన్‌జీ తప్పనిసరైతే డీపీఐ (అంగుళానికి చుక్కలు) 300 అని రాయాలి, రాయకపోతే 100తో సరిపెడుతుంది.

బిల్లు సంగతి. ల్యాబ్ ప్రింటింగ్‌లో నిజమైన కోపం వచ్చేది రంగు తప్పినప్పుడు కాదు, నల్లటి పేజీకి కలర్ రేటు పడినప్పుడు. పేజీలో ఒక్క నీలి హైపర్‌లింక్ ఉన్నా అది కలర్ పేజీయే. బూడిద రంగులో కనిపించే స్కాన్ చేసిన చిత్రం ఆర్‌జీబీలో ఉండి, అందులో ఆవగింజంత పసుపు ఛాయ ఉన్నా అంతే. ప్రింట్లు లెక్కించి బిల్లు వేసే పేపర్‌కట్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో పేజీవారీగా రంగును గుర్తించే సదుపాయం ఉంది. అది ఆన్‌లో లేకపోతే 80 పేజీల థీసిస్‌లో 4 రంగు పేజీలున్నా 80కీ కలర్ రేటే పడొచ్చు. దీనికి విరుగుడు పనిని రెండుగా పంపడం: రంగు పేజీల నంబర్లు రాసి కలర్ క్యూకు, మిగతావి బ్లాక్ అండ్ వైట్ క్యూకు. రెండు వైపులా ప్రింటు వేసే పనికి ఇది కుదరదు కాబట్టి, రంగు పేజీలన్నీ ఒకే అధ్యాయంలో వచ్చేలా ముందే అమర్చుకుంటే తెలివి. అక్రోబాట్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లోని ప్రింట్ కలర్ యాజ్ బ్లాక్ గీతల బొమ్మలకు బాగుంటుంది, ఫొటోలున్న పేజీకి మాత్రం వాడకూడదు.

కార్డు చూపిస్తే ఏ ప్రింటర్ నుంచైనా కాగితాలు వచ్చే ఉమ్మడి క్యూ ఇప్పుడు చాలాచోట్ల ఉంది. సౌకర్యమే, రంగుకు మాత్రం చేటు. రకరకాల మోడళ్లకు సరిపోవాలని ఒక సాధారణ డ్రైవర్ పెడతారు, దాంతో ఒక్కో మోడల్‌కు ఉండే రంగు సెట్టింగులు గల్లంతవుతాయి. ఒకే రిపోర్టును సగం మొదటి అంతస్తులో, సగం రెండో అంతస్తులో తీసుకుంటే రెండు సగాలూ వేరు వేరు పుస్తకాల్లా ఉంటాయి. వరుసగా ఉండాల్సిన పేజీలన్నీ ఒకే మెషీన్ దగ్గర, ఒకేసారి తీసుకోవాలి. కార్డు పెట్టే ముందే అన్నీ సరిచూసుకోవాలి కూడా, ఎందుకంటే పంపేటప్పుడు ఎంచుకున్న కాగితం రకం, రంగు మోడ్ ప్రింటర్ ప్యానెల్ దగ్గర మార్చడం చాలాసార్లు కుదరదు.

మెషీన్ విషయానికొస్తే, లేజర్ ప్రింటర్ రంగు గాలిలోని తేమకు, వేడికి, డ్రమ్ము (పేజీ బొమ్మ ఏర్పడే రోలర్) వయసుకు జరుగుతూ ఉంటుంది. టోనర్ కాగితానికి చేరేది విద్యుదావేశం బలంతో, తేమ మారితే ఆ ఆవేశం మారుతుంది. మెషీన్ తనంతట తాను ట్రాన్స్‌ఫర్ బెల్టు మీద చిన్న రంగు గడులు వేసి, సెన్సర్‌తో చదివి సర్దుకుంటుంది. అది ఫ్యూజర్ (టోనర్‌ను వేడితో కాగితానికి అతికించే భాగం) దాటాక కాగితం మీద ఎలా ఉందో చూడదు. ఆ లోటు తీర్చేది ప్యానెల్‌లోని గ్రేడేషన్ అడ్జస్ట్‌మెంట్, అంటే లేత నుంచి ముదురుకు రంగు మెట్లను సరిదిద్దే సదుపాయం. మెషీన్ వేడెక్కాక, రోజూ వాడే కాగితమే ట్రేలో ఉంచి మొదలుపెట్టాలి. అది ఇచ్చే పరీక్ష పేజీని చెప్పిన దిక్కులో స్కానర్ అద్దం మీద పెట్టి, వెనక నుంచి ఏమీ కనబడకుండా దానిపై కొన్ని తెల్ల కాగితాలు వేసి, మూత మూయాలి. పది నిమిషాల పని. వారానికోసారి, టోనరో డ్రమ్మో మార్చినప్పుడల్లా ఇది చేస్తే రంగు గాడిలో ఉంటుంది. ఆఖరిసారి ఎప్పుడు చేశారో ప్రింటర్ మూత మీద తేదీ చీటీ అంటించిన ల్యాబ్‌ను నమ్మొచ్చు.

కాగితం ఎంపిక తప్పితే రంగుతో పాటు ప్రింటే రాలిపోతుంది. 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) మందపు కార్డు ట్రేలో పెట్టి ప్లెయిన్ అని వదిలేస్తే ఫ్యూజర్ చాలినంత వేడి ఇవ్వదు, గోటితో గీస్తే టోనర్ పొరలా లేస్తుంది. డ్రైవర్‌లో హెవీ ఎంచుకోవాలి, వేగం తగ్గుతుంది, తగ్గాలి కూడా. ఇంక్‌జెట్ కోసం తయారైన గ్లాసీ ఫొటో కాగితాన్ని లేజర్‌లో పెడితే పై పూత కరిగి ఫ్యూజర్‌కు అంటుకుంటుంది. ఆ తర్వాత ల్యాబ్‌కు కొన్నాళ్లు కలర్ ప్రింటరే ఉండదు. పేజీలో ఒకే మచ్చ సమానమైన దూరాల్లో మళ్లీ మళ్లీ వస్తుంటే స్కేలుతో ఆ దూరం కొలిచి హెల్ప్‌డెస్క్‌కు చెప్పాలి. ఏ రోలర్ చుట్టుకొలత దానికి సరిపోతుందో చూసి టెక్నీషియన్ సరాసరి ఆ భాగమే మారుస్తాడు.

పోస్టర్ల సేవ ల్యాబ్ సేవలన్నిటిలోకీ మేలైనది, అలాగే ఒక్క తప్పుకు ఎక్కువ డబ్బు పోయేదీ ఇదే. వెడల్పు ప్రింటర్లలో రెండు జాతులున్నాయి. నాలుగు ఇంకులవి ఇంజనీరింగు డ్రాయింగుల కోసం పుట్టినవి, గీతలకు అద్భుతం, ఫొటోలకు అంతంతమాత్రం. ఎప్సన్ ష్యూర్‌కలర్ పీ, క్యానన్ ఇమేజ్‌ప్రోగ్రాఫ్ ప్రో, హెచ్‌పీ డిజైన్‌జెట్ జెడ్ వరుసల్లో ఇంకులు ఎక్కువ, ఫొటోలు చక్కగా వస్తాయి. ల్యాబ్‌లో ఏది ఉందో ముందే అడగాలి. రోల్ వెడల్పు కూడా: ఏ0 వెడల్పు 841 మి.మీ. కాబట్టి 36 అంగుళాల రోల్ కావాలి, 24 అంగుళాల రోల్‌లో ఏ1 వరకే పడుతుంది.

పవర్‌పాయింట్‌లో పోస్టర్ చేసేవాళ్లు పని మొదలుపెట్టేటప్పుడే స్లైడ్ సైజును అసలు కొలతకు మార్చుకోవాలి. మామూలు స్లైడ్ 13.33 అంగుళాలు. దాన్ని అడ్డంగా పెట్టిన ఏ0కు, అంటే 46.8 అంగుళాలకు సాగదీస్తే మూడున్నర రెట్లు. 220 పీపీఐకి (అంగుళానికి పిక్సెళ్లు) కుదించిన ఫొటో 63 దగ్గరకు పడిపోతుంది, పైగా 16:9 నిష్పత్తి ఏ0కు సరిపోక పైనా కిందా తెల్ల పట్టీలు మిగులుతాయి. ఫైల్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద చిత్రాలను కుదించవద్దన్న గడికి, ఫొటోలు చొప్పించకముందే టిక్ పెట్టాలి. పోస్టర్‌లో ఫొటో 150 పీపీఐ ఉంటే చాలు. పీడీఎఫ్ చేశాక దాన్ని 100 శాతానికి పెద్దది చేసి మూలమూలలా చూడాలి, నీడల వెనక పెట్టెలు, తప్పిపోయిన ఫాంట్లు అక్కడే బయటపడతాయి.

పేజీ అంతా ముదురు రంగు పులిమిన పోస్టర్ ల్యాబ్‌కు తేకపోవడమే మంచిది. ఇంకు బరువుకు కోటెడ్ కాగితం అలలు తిరుగుతుంది, ఆరకముందే చుడితే మరకలు పడతాయి. నాజిల్ (ఇంకు చిమ్మే సన్నటి రంధ్రం) ఒకటి మూసుకుపోయి ఉంటే హెడ్ కదిలే దిక్కులో సన్నటి తెల్లగీతలు ముదురు రంగు మీదే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అందుకే పెద్ద ప్రింటుకు ముందు నాజిల్ చెక్ అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. పోస్టర్ నుంచి ఒక ముఖం, లోగో, అన్నిటికంటే చిక్కటి గ్రాఫు వచ్చేలా 8 అంగుళాల పట్టీ కత్తిరించి, అదే కాగితం మీద అదే సెట్టింగులతో ముందు వేయించుకుంటే మిగతాదంతా ధైర్యంగా ఇవ్వొచ్చు. మీడియా సెట్టింగు కాగితంతో సరిపోకపోతే ఆ పట్టీలోనే తెలిసిపోతుంది: ఇంకు పారినట్టు మచ్చలు, లేదా నలుపు వెలిసినట్టు బూడిదగా.

కొత్త ల్యాబ్‌ను పరీక్షించడానికి ఒక పేజీ చాలు. 0 నుంచి 100 వరకు పదేసి మెట్లతో బూడిద రంగు గడులు, 128, 128, 128 గ్రే దీర్ఘచతురస్రం, ఒక ముఖం ఫొటో, తెలుపు నుంచి నీలానికి మెల్లగా మారే పట్టీ, రంగు నేపథ్యం మీద 6 పాయింట్ల తెల్ల అక్షరాలు. గ్రే ఎరుపుకో పచ్చకో తిరిగితే క్యాలిబ్రేషన్ తప్పింది. పట్టీలో మెట్లు కనిపిస్తే గ్రేడేషన్ సర్దాలి. తెల్ల అక్షరాల అంచులకు రంగు అంటితే నాలుగు టోనర్లు ఒకదానిపై ఒకటి సరిగా పడటం లేదు, ప్యానెల్‌లో రిజిస్ట్రేషన్ సర్దుబాటు చేయించాలి. ఈ పేజీని పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తీసి పక్కపక్కన పెట్టాలి, అదీ కిటికీ పక్కన పగటి వెలుగులో. ప్రింట్లు చూసేందుకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3664 చెప్పే వెలుగు డీ50 (పగటి వెలుగును పోలిన ప్రమాణ వెలుగు), ల్యాబ్ ట్యూబ్‌లైట్లు దానికి దగ్గర్లో కూడా ఉండవు. రెండు పేజీల గ్రే గడులూ ఒకేలా ఉంటే స్లైడ్‌లు, రిపోర్టులు, పోస్టర్లు నిశ్చింతగా అక్కడే వేసుకోవచ్చు. తేడా కనిపిస్తే రంగు పనిని ఫొటో ప్రింట్ల దుకాణానికి తీసుకెళ్లి, ల్యాబ్ క్యూను నల్లటి పేజీల వరకే వాడాలి.